ఏడు రాత్రుల మధ్యధరా క్రూయిజ్: ఇప్పుడే బుక్ చేయాలా, చివరిదాకా ఆగాలా?

కెరటం21:

వచ్చే జులైలో, పిల్లల సెలవుల్లో, పశ్చిమ మధ్యధరా సముద్రంలో ఏడు రాత్రుల క్రూయిజ్‌కి వెళ్దామనుకుంటున్నాం. పెద్దవాళ్ళం ఇద్దరం, పిల్లలిద్దరు (పన్నెండేళ్ళు, ఏడేళ్ళు). నలుగురం ఒకే క్యాబిన్‌లో సర్దుకుంటాం. బాల్కనీ ఉంటే సంతోషం, లేదంటే కిటికీ ఉన్నా చాలు. తేదీ ఓ వారం అటూ ఇటూ జరుపుకోగలం, అంతకుమించి కుదరదు.

ఇంకా పది నెలలుంది. అడిగితే తలా ఒక మాట చెబుతున్నారు. ఎంత ముందు కొంటే అంత చవక అని కొందరు. బయల్దేరే నెల ముందు మిగిలిపోయిన క్యాబిన్లు సగం ధరకి వదిలేస్తారు, అప్పటిదాకా కదలొద్దని ఇంకొందరు. జనవరిలో పెద్ద ఆఫర్లు ఉంటాయి, వాటికోసం ఆగమని మరొకరు. ఇందులో ఏది నిజం? బుక్ చేసిన మర్నాడే ధర పడిపోతే చేయగలిగేదేమైనా ఉందా? ఇంకోటి, ప్రకటనలో "మనిషికి ఇంత నుంచి" అని చూసి లోపలికి వెళ్తే చివరి పేజీలో లెక్క ఎక్కడికో పోతోంది. ఏ అంకె పట్టుకుని పోల్చాలి?

లంగరు:

ముగ్గురు చెప్పిందీ నిజమే, కాకపోతే మూడు రకాల ప్రయాణికుల గురించి చెప్పారు. మీరు ఏ రకమో చూసేముందు ఒక తారీఖు సంగతి తెలుసుకోండి. క్రూయిజ్ బేరమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. అదే ఫైనల్ పేమెంట్ గడువు.

కంపెనీలు ఒక్కో సెయిలింగ్‌ని (ఒక ఓడ ఒక తేదీన బయల్దేరి చేసే ప్రయాణాన్ని) ఏడాదిన్నర, రెండేళ్ళ ముందే అమ్మకానికి పెడతాయి. బుక్ చేసేరోజు కట్టేది డిపాజిట్ ఒక్కటే. మిగతా సొమ్ము ఓడ బయల్దేరడానికి ఇన్ని రోజుల ముందు కట్టాలని గడువు పెడతారు. నాలుగు రాత్రుల దాకా ఉండే ట్రిప్పులకి 75 రోజులు, అయిదు అంతకు మించితే 90 రోజులు అన్నది చాలాచోట్ల కనిపించే లెక్క. 120 రోజుల ముందే అడిగే కంపెనీలూ ఉన్నాయి. ఉదాహరణకి జులై 18న కదిలే ఓడకి 90 రోజుల గడువంటే ఏప్రిల్ 19 అన్నమాట. ఆ లోపు రద్దు చేసుకుంటే రిఫండబుల్ డిపాజిట్ మొత్తం వెనక్కి వచ్చేస్తుంది. గడువు దాటాక కోత మొదలై, మెట్లు మెట్లుగా పెరిగి, చివరి వారాల్లో కట్టిందంతా పోయేదాకా వెళ్తుంది.

కాబట్టి ఇవాళ రిఫండబుల్ డిపాజిట్‌తో ఒక క్యాబిన్ పట్టుకుని కూర్చున్నవాడికి ఏప్రిల్ 19 దాకా పోయేదేమీ లేదు. ధర పెరిగితే పాత ధరే చెల్లుతుంది. తగ్గితే కొత్త ధరకి మార్పించుకోవచ్చు. ఏమీ పట్టుకోకుండా ఆగినవాడికి తగ్గితే లాభం, పెరిగితే నష్టం. బడి సెలవుల సెయిలింగ్ విషయంలో ఇంతకన్నా ఆలోచించాల్సింది లేదు, ముందు పట్టుకోండి, ఆ తర్వాత ధర మీద కన్నేసి ఉంచండి.

ఇక్కడ జనం దెబ్బతినేది డిపాజిట్ రకం చూసుకోకపోవడం వల్ల. వెబ్‌సైట్‌లో ముందుగా కనిపించే తక్కువ ధర చాలాసార్లు నాన్-రిఫండబుల్ డిపాజిట్‌ది. రద్దు చేస్తే డిపాజిట్ పోతుంది. ఓడో తేదీయో మార్చుకుంటే మనిషికింత అని మార్పు రుసుము పడుతుంది. అదే సెయిలింగ్‌లో ధర తగ్గితే మాత్రం గడువులోపు దీనికీ సర్దుబాటు ఇచ్చే కంపెనీలున్నాయి, షరతుల్లో ఆ వాక్యం వెతకండి. తేదీ ఖాయమైపోయినవాళ్ళకి నాన్-రిఫండబుల్ తప్పేమీ కాదు. వీసానో సెలవో తేలనివాళ్ళు మాత్రం రెండింటి మధ్య తేడా కట్టి రిఫండబుల్ తీసుకోవడమే మేలు. ఇంకో మెలిక, ఈ రిఫండబుల్ ధర అన్ని దేశాల్లోనూ అమ్మరు. ఓడ ఏ దేశంలో తిరుగుతుందన్నది కాదు, మీరు ఏ దేశపు సైట్‌లో కొంటున్నారో అక్కడి షరతులు వర్తిస్తాయి.

జనవరి ఆఫర్ల సంగతి. జనవరి నుంచి మార్చి దాకా క్రూయిజ్ వ్యాపారంలో వేవ్ సీజన్ అంటారు. ఏడాదంతటిలో ఎక్కువ బుకింగులు జరిగే కాలం అది. అప్పుడిచ్చేవి చాలావరకు పై హంగులు: ఆన్‌బోర్డ్ క్రెడిట్ (ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి కంపెనీ ఇచ్చే సొమ్ము), డ్రింక్స్ ప్యాకేజీ, వైఫై, తక్కువ డిపాజిట్, మూడో నాలుగో మనిషికి ఉచితం వగైరా. అసలు ఛార్జీ తగ్గిందా అన్నది వేరే ప్రశ్న. ముందు ధర పెంచి తర్వాత "సగానికి సగం" అని రాయడం ఈ వ్యాపారంలో కొత్తేం కాదు. అందుకే ఇవాళే అదే ఓడ, అదే తేదీ, అదే క్యాబిన్ రకం, చివరి పేజీలోని మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. జనవరిలో దాంతో పోల్చండి, బ్యానర్ మీది శాతంతో కాదు.

నీలిదారి:

లంగరు గారు చెప్పింది సెలవుల సీజన్‌కి సరిపోతుంది. కానీ చివరి నిమిషం బేరం అంతా పుకారని ఎవరూ అనుకోకుండా దాని పక్షాన రెండు మాటలు.

ఖాళీ క్యాబిన్‌తో ఓడ కదిలితే ఆ రాబడి మళ్ళీ రాదు. టికెట్ ఒక్కటే కాదు, ఆ క్యాబిన్ మనుషులు ఓడలో పెట్టే ఖర్చు కూడా పోతుంది: డ్రింక్స్, షోర్ ఎక్స్‌కర్షన్లు (రేవుల్లో దిగి చేసే టూర్లు), స్పా, క్యాసినో. అందుకే తక్కువకి ఇచ్చయినా నింపుతారు. ధర కదిలే సమయం కూడా ఊరికే రాదు. ఫైనల్ పేమెంట్ గడువు రోజున డబ్బు కట్టనివాళ్ళ బుకింగులు రద్దయిపోతాయి. ట్రావెల్ ఏజెంట్లు గ్రూపుల పేరుతో పట్టి ఉంచిన క్యాబిన్లు అమ్ముడుపోనివి వెనక్కిచ్చేస్తారు. ఒక్కసారిగా బోలెడు క్యాబిన్లు మళ్ళీ అమ్మకానికొస్తాయి. అప్పటికి ఓడ బాగా నిండి ఉంటే ధర కదలదు, పైకి కూడా పోవచ్చు. నిండకపోతే గడువు దాటిన మొదటి వారం నుంచి దాదాపు నెలరోజుల పాటు దింపుతారు. కాబట్టి చివరి నిమిషం అంటే బయల్దేరే ముందురోజు కాదు, 90 నుంచి 60 రోజుల మధ్య అనుకోండి.

ఇది ఎవరికి పనికొస్తుందంటే, ఇద్దరే వెళ్ళేవాళ్ళకి, ఏ వారమైనా ఫరవాలేదనేవాళ్ళకి, ఓడరేవుకి విమానం అవసరం లేకుండా చేరగలిగేవాళ్ళకి, వీసా గొడవ లేనివాళ్ళకి. క్యాబిన్ ఇంజిన్ మీదున్నా డిస్కో కిందున్నా పడుకోగలగాలి. వీటిలో ఒకటి లేకపోయినా లెక్క తిరగబడుతుంది. క్రూయిజ్‌లో మిగిల్చింది చివరి వారాల విమానం టికెట్ తినేస్తుంది.

సీజన్ కూడా కలిసిరావాలి. కరీబియన్‌లో ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా ధరలు పడిపోతాయి. తుపానుల కాలం అధికారికంగా జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు, అందులో ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు దాకా ఉధృతం. తుపాను వస్తే ఓడ దారి మార్చుకుని ఇంకో రేవుకి పోతుంది. వెళ్ళని రేవు ఫీజు తిరిగొస్తుంది గానీ, "నేను కొన్నది ఆ దీవి కోసం" అంటే వినేవాళ్ళుండరు. డిసెంబరు మొదటి రెండు వారాలు, జనవరి మొదటి వారం దాటిన తర్వాతి రోజులు కూడా చవక. అలాస్కాకి మే, సెప్టెంబరు. మధ్యధరాకి ఏప్రిల్, అక్టోబరు, నవంబరు.

అన్నిటికన్నా రాత్రికి తక్కువ పడేవి రీపొజిషనింగ్ సెయిలింగ్‌లు. ఏప్రిల్, మే నెలల్లో కరీబియన్ నుంచి యూరప్‌కి, అక్టోబరు, నవంబరుల్లో యూరప్ నుంచి కరీబియన్‌కి ఓడలు తరలిపోతాయి. పదిరోజుల పైన ప్రయాణం, సగానికి పైగా నడిసముద్రంలోనే. తూర్పుకి వెళ్తే గడియారం ముందుకి జరుపుతూ పోతారు, వరసగా చాలా రాత్రులు గంట నిద్ర తగ్గుతుంది. పడమటికైతే గడియారం వెనక్కి జరిపిన రోజుకి ఇరవై అయిదు గంటలొస్తాయి. సుఖం కావాలంటే పడమటి దారి పట్టండి. విమానం ఒకవైపుకే కొనాలి, అది రానూపోనూ టికెట్‌లో సగం ఉంటుందని అనుకోవద్దు, ఒక్కోసారి దానికన్నా ఎక్కువే ఉంటుంది.

మీ ప్రయాణం మాత్రం ఇందులో దేనికిందకీ రాదు. జులై, మధ్యధరా, నలుగురు. మీరు ఆగకండి.

డెక్‌ప్లాన్:

నలుగురు అన్న మాట దగ్గర ఎవరూ ఆగలేదు. అసలు చిక్కంతా అక్కడే.

ఓడలో క్యాబిన్లు ఖాళీగా ఉన్నా మూడో నాలుగో మనిషికి చోటు అయిపోవచ్చు. కారణం లైఫ్‌బోట్లు. ప్రతి క్యాబిన్‌కీ ఒక మస్టర్ స్టేషన్ (ప్రమాదం వస్తే అందరూ చేరాల్సిన చోటు) ఉంటుంది, ఆ స్టేషన్‌కి కేటాయించిన పడవల్లో ఎన్ని సీట్లుంటే అంతమందినే ఆ భాగంలో ఎక్కించుకోవాలి. సెలవుల్లో పిల్లలతో వచ్చే కుటుంబాలు ఎక్కువ కాబట్టి ఆ లెక్క త్వరగా నిండిపోతుంది. ఆ తర్వాత పైన బంక్ బెడ్లున్న క్యాబిన్‌ని కూడా ఇద్దరికే అమ్ముతారు. ఓడ నిండడమనేది క్యాబిన్‌కి ఇద్దరు చొప్పున లెక్కేస్తారు, అందుకే సెలవుల్లో ఓడలు నూటికి నూరు దాటి నిండాయని వింటుంటాం.

దీన్ని మీరే పరీక్షించి చూడొచ్చు. సైట్‌లో ఒకసారి ఇద్దరికి, ఒకసారి నలుగురికి అదే తేదీ వెతకండి. ఇద్దరికి బాల్కనీలు బోలెడు చూపించి, నలుగురికి "అందుబాటులో లేదు" అనో, సూట్ మాత్రమే అనో చూపిస్తే ఆ సెయిలింగ్‌లో కుటుంబాల కోటా కరిగిపోతోందని అర్థం. అలాంటిచోట ఒక్క వారం కూడా ఆగొద్దు. పిల్లల వయసు కూడా సరిగ్గా ఇవ్వండి, ఓడ ఎక్కేరోజుకి ఎంత ఉంటుందో అది. కొన్ని కంపెనీల్లో ఒక వయసు దాటితే పిల్లల రేటు పోయి పెద్దల రేటు పడుతుంది, పన్నెండేళ్ళ దగ్గర ఇది చూసుకోవాల్సిన విషయం.

ఎదురెదురుగా రెండు ఇన్‌సైడ్‌లు (కిటికీ లేని లోపలి క్యాబిన్లు) లేదా మధ్యలో తలుపున్న కనెక్టింగ్ క్యాబిన్లు కూడా ధర వేసి చూడండి. నలుగురికి ఒక బాల్కనీ, ఇద్దరికి ఒక బాల్కనీ ప్లస్ ఎదురుగా ఇద్దరికి ఒక ఇన్‌సైడ్, ఈ రెండింటి తేడా ఒక్కోసారి అనుకున్నంత ఉండదు. రెండో బాత్‌రూమ్ దొరకడం చిన్న సంగతి కాదు. బుక్ చేసేటప్పుడు ఒక్కో క్యాబిన్‌లో ఒక్కో పెద్దవాళ్ళని వేయమంటారు, కీ కార్డులు ఎక్కాక మార్పించుకోవచ్చు. కనెక్టింగ్ క్యాబిన్లు ఓడలో తక్కువ, సూట్లతో పాటు అన్నిటికన్నా ముందు పోయేవి అవే.

ఇక చివరి పేజీ లెక్క. అంకెలు ఊరికే అనుకుందాం. ప్రకటనలో "మనిషికి 800 నుంచి" అని ఉంది. అది ఇద్దరున్న క్యాబిన్‌లో మనిషికి. మూడు, నాలుగో మనుషులకి 500 చొప్పున అనుకుంటే ఛార్జీలు 1,600 + 1,000 = 2,600. పన్నులు, పోర్ట్ ఫీజులు మనిషికి 150 చొప్పున నలుగురికి 600. సర్వీస్ ఛార్జీ, అదే గ్రాట్యుటీ (ఓడ సిబ్బందికి టిప్పు), మనిషికి రోజుకి 16 అనుకుంటే ఏడు రాత్రులకి నలుగురికి 448. మొత్తం 3,648, అంటే తలకి 912. "పిల్లలకి ఉచితం" అన్న ఆఫర్‌లో కూడా పోయేది ఆ 1,000 మాత్రమే. ఇద్దరు పిల్లలకీ పన్నులు 300, గ్రాట్యుటీ 224, కలిపి 524 కట్టాల్సిందే. పైగా ఆ ఆఫర్ ఉన్న సెయిలింగ్‌లో మొదటి ఇద్దరి రేటు ఎక్కువగా ఉండటం, నడిసెలవుల వారాలని ఆఫర్ నుంచి మినహాయించడం మామూలే.

కొన్ని కంపెనీలు గ్రాట్యుటీ ఛార్జీలోనే కలిపేస్తాయి, కొన్ని చిన్నపిల్లలకి తగ్గిస్తాయి, కొన్ని ఓడ దిగేముందు బిల్లులో వేస్తాయి. రెండు కంపెనీలని పోల్చేటప్పుడు అందుకే ఒకే రకం మొత్తం తీయండి: నలుగురి ఛార్జీ, పన్నులు, గ్రాట్యుటీ, మీరు ఎలాగూ కొనే వైఫైలాంటివి కలిపి, ఆన్‌బోర్డ్ క్రెడిట్ తీసేసి, రాత్రుల సంఖ్యతో భాగించండి.

కెరటం21:

డెక్‌ప్లాన్ గారూ, చూశానండి. ఇద్దరికి వెతికితే మూడు రకాల బాల్కనీలు, నలుగురికి ఒకటే రకం వచ్చింది. విషయం అర్థమైంది.

ఇంకో రెండు అడుగుతాను. ధర తగ్గినప్పుడు మార్పించుకోవడం అంటున్నారు, అది ఆటోమేటిక్‌గా అవుతుందా, మనమే అడగాలా? రెండోది, మాకు షెంజెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే ఇచ్చేది) కావాలి. వీసా రాకముందే పూర్తి డబ్బు కట్టేస్తే, తర్వాత రాకపోతే?

లంగరు:

ఆటోమేటిక్‌గా ఎవరూ ఇవ్వరు, అడిగినవాళ్ళకే. వారానికోసారి అదే సెయిలింగ్‌కి కొత్త బుకింగ్ చేస్తున్నట్టు చివరి పేజీ దాకా వెళ్ళండి, డబ్బు కట్టకుండా వెనక్కి రండి. అదే క్యాబిన్ కేటగిరీ కోడ్, అదే నలుగురు, అదే డిపాజిట్ రకం ఉండాలి. బాల్కనీల్లోనే డెక్‌ని బట్టీ చోటుని బట్టీ కోడ్‌లు మారుతుంటాయి, ఇంకో కోడ్‌లో తగ్గిన ధర చూపించి మీది తగ్గించమంటే కుదరదు. ఆ కోడ్‌కి మారతానంటే మారుస్తారు, కానీ అప్పుడు క్యాబిన్ నంబరు పోతుంది.

ఫోన్ చేసేముందు కూడిక తీసివేత చేసుకోండి. మీ బుకింగ్ మొత్తం 4,000, దానితో 200 ఆన్‌బోర్డ్ క్రెడిట్ వచ్చిందనుకుందాం. ఇప్పుడు 3,880 కనిపిస్తోంది, కాకపోతే ఈ వారం ఆఫర్‌లో క్రెడిట్ 50 మాత్రమే. కొత్త ధరకి మారితే పాత ఆఫర్ మొత్తం పోయి కొత్త ఆఫర్ వస్తుంది. 120 తగ్గి 150 క్రెడిట్ పోయింది, అంటే 30 నష్టానికి మారినట్టు. ఫోన్‌లో అవతలివాళ్ళు ఈ సంగతి చెప్పరు, అడిగితేనే చదివి వినిపిస్తారు. "మార్చాక నా పాత ఆఫర్లలో ఏవి పోతాయి" అని ముందు అడిగి, కొత్త ఇన్‌వాయిస్ మెయిల్‌కి వచ్చాక గీతగీతా చూడండి. కంపెనీ పాత బుకింగ్ రద్దు చేసి కొత్తది చేయమంటే, ముందు కొత్తది ఖాయం చేసుకుని తర్వాతే పాతది వదలండి. లేకపోతే ఆ నాలుగు నిమిషాల్లో నలుగురి కోటా ఇంకొకరు తీసుకోవచ్చు.

ఏజెంట్ దగ్గర కొంటే మార్పులన్నీ ఏజెంటే చేయాలి. కంపెనీకి ఫోన్ చేస్తే "మీ ఏజెంట్‌తో మాట్లాడండి" అంటారు. అందుకే కొనేముందు ఏజెంట్‌ని మూడు అడగండి: ధర తగ్గితే మార్చడానికి మీ రుసుము ఎంత, కంపెనీ పూర్తిగా వెనక్కిచ్చినా మీరు రద్దు రుసుము పట్టుకుంటారా, మీ దగ్గర ఫైనల్ పేమెంట్ ఏ తేదీ. ఈ మూడోది ముఖ్యం. కంపెనీ గడువుకి కొన్ని రోజుల ముందే ఏజెంట్లు తమ గడువు పెట్టుకుంటారు. ఏప్రిల్ 19 అనుకుని మీరు 18న ఫోన్ చేస్తే వాళ్ళ దగ్గర అప్పటికే దాటిపోయి ఉంటుంది. మంచి ఏజెంట్ వల్ల లాభమూ ఉంది. వాళ్ళు ముందే పట్టి ఉంచిన గ్రూప్ రేటు కంపెనీ సైట్ ధర కన్నా తక్కువ ఉండొచ్చు, పైన కొంత క్రెడిట్ కూడా ఇస్తారు. గ్రూప్ రేటుకి మామూలు ఆఫర్లు కలవకపోవచ్చు, రెండూ విడివిడిగా రాయించుకుని మొత్తాలు పోల్చండి.

గడువు దాటాక తగ్గితే హక్కుగా అడగడానికి ఏమీ ఉండదు. అయినా ఒక ఫోన్ చేయండి. కొన్ని కంపెనీలు తేడాని ఆన్‌బోర్డ్ క్రెడిట్‌గానో, పై రకం క్యాబిన్‌గానో ఇస్తాయి, అది వాళ్ళ ఇష్టం.

వీసా విషయంలో లెక్క మీకు అనుకూలంగానే ఉంది. షెంజెన్ దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. జులై 18 ప్రయాణానికి జనవరి 18 నుంచి అన్నమాట. గడువు ఏప్రిల్ 19. మధ్యలో మూడు నెలలున్నాయి. ఓడకి ముందురోజు చేరేలా వెళ్తారు కాబట్టి లెక్క విమానం తేదీ నుంచి వేసుకోండి. అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కనుక జనవరి మొదట్లోనే స్లాట్ వెతకండి. ఫలితం గడువులోపు తెలిస్తే పూర్తి సొమ్ము కట్టండి, తెలియకపోతే గడువులోపే రద్దు చేసుకోండి, రిఫండబుల్ డిపాజిట్ తీసుకున్నది అందుకే. క్రూయిజ్ బుకింగ్ కన్ఫర్మేషన్ దరఖాస్తుకి పనికొస్తుంది, అందులో నలుగురి పేర్లూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉన్నాయా చూసుకోండి.

దారి మధ్యలో ట్యునీషియాలాంటి షెంజెన్ బయటి దేశంలో రేవు ఉంటే, తిరిగి వచ్చినప్పుడు అది రెండో ప్రవేశం అవుతుంది. మల్టిపుల్ ఎంట్రీ వీసా కావాలి. ఆ దేశానికి వేరే వీసా అవసరమా అన్నదీ చూడండి, ఓడ దిగనన్నా కొన్నిచోట్ల కాగితాలు అడుగుతారు, కంపెనీ ఎక్కనివ్వకపోతే డబ్బు వెనక్కి రాదు. ఈ బాధ వద్దనుకుంటే స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ రేవులకే పరిమితమైన దారి ఎంచుకోండి.

నీలిదారి:

పశ్చిమ మధ్యధరా అంటున్నారు కాబట్టి ఇంకొకటి. ఎమ్మెస్సీ, కోస్టా కంపెనీల ఓడలు అక్కడ గుండ్రంగా తిరుగుతాయి. బార్సెలోనా, మార్సెయ్, జెనోవా, చివిటావెక్కియా (రోమ్‌కి దగ్గరి రేవు), వీటిలో ఒకటికన్నా ఎక్కువ రేవుల్లో జనాన్ని ఎక్కించుకుంటాయి. అదే ఓడ, అదే వారం, అవే రేవులు, ఎక్కేచోటు మారితే ధర మారిపోతుంది. ఒక్కో రేవుకి కొన్ని క్యాబిన్లు విడిగా పెట్టి అమ్ముతారు. మీరు వారం అటూ ఇటూ జరగగలమన్నారు కదా, ముందు రేవులు మార్చి చూడండి, తర్వాత వారాలు మార్చండి. విమానం ధర ఏ ఊరికి తక్కువో దాన్ని కూడా కలిపే చూడాలి.

వారాల్లో కూడా తేడా బాగానే ఉంటుంది. మధ్యధరాలో అన్నిటికన్నా ఖరీదైనది ఆగస్టు మధ్య, ఆగస్టు 15 చుట్టూ ఇటలీ అంతా సెలవులో ఉంటుంది. జులై మొదటి వారానికీ మూడో వారానికీ ధర ఒకేలా ఉండదు, జూన్ చివరికి జరగగలిగితే ఇంకా నయం. ఓడ వయసు కూడా చూడండి. కొత్తగా నీటిలోకి దిగిన ఓడకి మొదటి ఏడాది ధర దిగదు. అదే కంపెనీ పాత ఓడ అవే రేవులకి వెళ్తూ చాలా తక్కువకి దొరుకుతుంది. పిల్లలకి వాటర్ స్లైడ్లు ముఖ్యమా, రేవులు ముఖ్యమా అన్నది మీరే తేల్చుకోవాలి. రోజూ ఒక ఊళ్ళో దిగి సాయంత్రం ఎక్కే దారిలో స్లైడ్లకి మిగిలే టైము తక్కువ.

పోర్ట్‌సైడ్:

గ్యారంటీ క్యాబిన్ గురించి ఎవరూ రాయలేదు. రకం మాత్రం మీరు ఎంచుకుంటారు, నంబరు కంపెనీ ఇస్తుంది, బయల్దేరే కొన్ని రోజుల ముందు కూడా ఇవ్వొచ్చు. తక్కువ ధర అందుకే. వచ్చింది నచ్చకపోయినా మార్చరు. లైఫ్‌బోట్ అడ్డొచ్చే కిటికీ, పూల్ డెక్ కింద తెల్లారుజామున కుర్చీలు లాగే చప్పుడు, ఓడ ముక్కు దగ్గర ఊపు, ఇవే ఎక్కువగా మిగిలేవి కాబట్టి ఇవే ఎక్కువగా తగులుతాయి. సముద్రపు ఊపు పడనివాళ్ళు, రెండు క్యాబిన్లు తీసుకునేవాళ్ళు దీని జోలికి పోవద్దు. రెండూ ఓడకి చెరో చివర పడొచ్చు.

అప్‌గ్రేడ్ బిడ్డింగ్ (పై రకం క్యాబిన్‌కి ఎంత అదనంగా ఇస్తారో మీరే చెప్పడం) మెయిల్ వస్తే, అక్కడ కనిపించే మొత్తం మనిషికి అని గుర్తుంచుకోండి, క్యాబిన్‌కి కాదు. మీ మొత్తానికి కంపెనీ ఒప్పుకున్నాక మీరు వెనక్కి తీసుకోలేరు. జాగ్రత్తగా ఎంచుకున్న నడిమి డెక్ క్యాబిన్ పోయి, పేరుకి పై రకమైన ఎక్కడిదో ఒకటి వస్తుంది.

డ్రింక్స్, వైఫై, ఎక్స్‌కర్షన్లు ఓడ ఎక్కాక కొనకండి. ముందే ఆన్‌లైన్‌లో తక్కువుంటాయి, అక్కడ కూడా ధర కిందా మీదా అవుతూ ఉంటుంది. చాలా కంపెనీల్లో ఓడ కదిలే కొద్ది రోజుల ముందు వరకు రద్దు చేసి తక్కువ ధరకి మళ్ళీ కొనుక్కోవచ్చు. ఆల్కహాల్ ప్యాకేజీ ఒకరు తీసుకుంటే అదే క్యాబిన్‌లో ఉన్న పెద్దవాళ్ళందరూ తీసుకోవాలనే నిబంధన చాలాచోట్ల ఉంది. ఇద్దరిలో ఒకరే తాగేవాళ్ళయితే విడిగా గ్లాసు లెక్కన కొనడమే చవక పడొచ్చు. గ్రాట్యుటీ ముందే కట్టేస్తే మధ్యలో రేటు పెంచినా చాలామటుకు పాత రేటే చెల్లుతుంది.

డెక్‌ప్లాన్:

విమానం గురించి ఒక ముక్క. క్రూయిజ్ రిఫండబుల్‌గా పట్టుకున్నారని విమానం నాన్-రిఫండబుల్ కొనేస్తే మీ స్వేచ్ఛ అంతా అక్కడే పోయింది. వీసా తేలేదాకా మార్చుకోగలిగే టికెట్టే కొనండి. వెళ్ళేది ఓడకి ఒకరోజు ముందు చేరేలా ఉండాలి. మీరు విడిగా కొన్న విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు, తర్వాతి రేవుకి మీ ఖర్చుతో వెళ్ళి ఎక్కాలి. తిరుగు ప్రయాణం దిగేరోజు మధ్యాహ్నం తర్వాత పెట్టుకోండి. ఓడ తెల్లవారుజామున రేవు చేరినా అధికారుల అనుమతి, సామాను, వరసలు దాటి బయటపడేసరికి తొమ్మిదో పదో అవుతుంది. చివిటావెక్కియాలో దిగితే రోమ్ విమానాశ్రయానికి దగ్గర దగ్గర గంట రోడ్డు ప్రయాణం కూడా ఉంది.

కెరటం21:

నలుగురికి వెతికి, రిఫండబుల్ డిపాజిట్‌తో నడిమి డెక్‌లో బాల్కనీ ఒకటి పట్టుకున్నాను. జులై మొదటి వారం, బార్సెలోనాలో ఎక్కడం, అన్నీ షెంజెన్ రేవులే. జెనోవాలో ఎక్కితే ఛార్జీ ఇంకాస్త తక్కువే చూపించింది గానీ విమానంతో కలిపితే బార్సెలోనానే నయమనిపించింది. గడువు తేదీ, దానికి వారం ముందు ఒక రిమైండర్ ఫోన్‌లో పెట్టుకున్నాను. జనవరి ఆఫర్లు వచ్చాక పాత స్క్రీన్‌షాట్, కొత్త మొత్తం రెండూ ఇక్కడ పెడతాను, మార్చాలో వద్దో చూసి చెప్పండి.

లంగరు:

పెట్టండి. కేటగిరీ కోడ్, ఇప్పుడున్న ఆఫర్లో ఏమేం వచ్చాయో అవి కూడా రాసి పెట్టండి, అవి లేకపోతే పోల్చలేం.